ఇసుక పట్టు

నేను కట్టిన వాటిలో సగం ఎవరికీ కనపడవు. అవి భూమిలో ఉన్నాయి. కనపడే సగం మీద శిలాఫలకాలు ఉన్నాయి, వాటి మీద వేరేవాళ్ళ పేర్లు ఉన్నాయి. దానికి నాకేమీ బాధ లేదు. వంతెన మీద బస్సు వెళ్తుంటే కింద ఏముందో తలుచుకునే ప్రయాణికుడు ఎవరూ ఉండరు, ఉండకూడదు కూడా. తలుచుకుంటున్నారంటే ఎక్కడో మేము తప్పు చేశామన్నమాట.

మాది గజపతినగరం దగ్గర పల్లె. వరి, చోడి పండించే ఇల్లు. నేను సివిల్ ఇంజినీరింగ్ చదివి వంతెనల విభాగంలో చేరాను. అందులోనూ నాకు దొరికింది పునాదుల పని. మొదటిసారి సైటు చూడటానికి వచ్చిన మా అమ్మ కాసేపు చూసి, "ఇంత సదువూ సదివి గోతులు తవ్విస్తన్నావేటే?" అంది. అవునమ్మా అన్నాను. రిటైరయ్యేదాకా అదే పని చేశాను. ఇప్పుడు ఈ పనిలోకి కొత్తగా వస్తున్న పిల్లలు అప్పుడప్పుడు ఇంటికి వచ్చి "మేడం, మీ అనుభవాలు చెప్పండి" అంటున్నారు. ప్రమోషన్ల సంగతి చెప్పను. అవి సీనియారిటీతో వస్తాయి, తెలివితో కాదు. ఫైళ్ళ సంగతి అసలే చెప్పను. ఒక్క పైలు సంగతి చెబుతాను.

పట్టు అంటే

తెలియని వాళ్ళ కోసం ముందు రెండు ముక్కలు. నేల పైపొర మెత్తగా ఉన్న చోట వంతెన బరువును లోపలికి దింపాలి. అందుకు భూమిలో లోతుగా గుండ్రటి బోరు తవ్వి, ఇనుప చువ్వల బుట్ట దించి, కాంక్రీటు పోస్తాం. ఆ కాంక్రీటు స్తంభమే పైలు. అది రెండు రకాలుగా నిలబడుతుంది. అడుగున రాయి తగిలితే దాని మీద కాలు మోపి నిలబడుతుంది. రాయి అందనంత లోతులో ఉంటే, చుట్టూ ఉన్న ఇసుకే దాన్ని ఒంటి నిండా పట్టుకుని ఆపుతుంది. ఇసుకకూ కాంక్రీటుకూ మధ్య ఉండే రాపిడి అది. పుస్తకాల్లో స్కిన్ ఫ్రిక్షన్ అని ఉంటుంది. మా సైట్లలో అందరూ "పట్టు" అనేవారు. నేనూ ఆ మాటే వాడతాను.

ఈ పట్టును నమ్మడం మనుషులకు కష్టం. ఇసుక అనగానే మనకు గుర్తొచ్చేది గుప్పెట్లోంచి జారిపోవడమే. సముద్రపు ఒడ్డున పిల్లలు కట్టే గూళ్ళు గుర్తొస్తాయి. కానీ భూమి లోపలి ఇసుక ఆ ఇసుక కాదు. దాని మీద ఎంతో బరువుంది, పక్కనుంచి అంతే ఒత్తిడి ఉంది. గరుకైన కాంక్రీటును అది ఒకసారి పట్టుకుందంటే, వదలమన్నా వదలదు.

రాయి భక్తుడు

నేను కలిసి పనిచేసిన పెద్దల్లో రామ్మూర్తి గారిని మరచిపోలేను. మా ఎస్.ఈ., అంటే సూపరింటెండింగ్ ఇంజినీరు. ఆయనది అనంతపురం వైపు. చిన్నప్పటి నుంచీ రాళ్ళ మధ్య పెరిగిన మనిషి. ఆయన లెక్కలో పునాది అంటే రాయే. మా తీరం వైపు మట్టి నమూనాలు బల్ల మీద పెడితే ముఖం చిట్లించేవాడు.

"ఇసుకలో ఏముందమ్మా? రాయి చూపించు, సంతకం పెడతా."

"ఇక్కడ రాయి చాలా లోతులో ఉంది సార్. పట్టు మీదే డిజైన్ చేశాం."

"పట్టు పట్టు అంటావు. అది నీ పట్టుదల తప్ప వేరేం కాదు."

మంచివాడే. చేతివాటం లేనివాడు, కాంట్రాక్టర్లను ఎంత కేకలేసేవాడో మంత్రుల పీఏలనూ అంతే కేకలేసేవాడు. ఆయనలో లోపం ఒక్కటే, ఎదుటివాడు నోరు తెరవక ముందే తీర్పు రాసేసుకునేవాడు. ఇలాంటి పైఅధికారి మీకూ దొరుకుతాడు. తిట్టుకోకండి. అతని మనసు మార్చడానికి మాటలు పనిచేయవని మాత్రం గుర్తుంచుకోండి, కళ్ళకు చూపించాలి.

దిగిపోయిన పైలు

శ్రీకాకుళం జిల్లాలో ఒక గెడ్డ, అంటే చిన్న ఏరు, సముద్రంలో కలిసే చోట, అవతలి ఒడ్డున మత్స్యకారుల ఊరు ఉంది. పేరు రాయను, ఎందుకో మీకే తెలుస్తుంది. సముద్రం, గెడ్డ, వెనక ఉప్పునేలలు. బయటికి రావాలంటే నాటు పడవే దిక్కు. వానాకాలంలో గెడ్డ పొంగితే పడవ కదలదు. తెల్లారి ఒడ్డుకు వచ్చిన చేపలు సంతకు వెళ్ళే దారి లేక బుట్టల్లోనే పాడయ్యేవి. ఆ ఊరివాళ్ళు చాలాకాలం ఆఫీసుల చుట్టూ తిరగ్గా తిరగ్గా వంతెన మంజూరైంది.

మొదట ఊరి వైపు ఒడ్డున ఒక పరీక్ష పైలు వేశారు. ఆ పని అప్పుడు నా కింద లేదు. కాంక్రీటు గట్టిపడ్డాక లోడ్ టెస్టు చేశారు. అంటే పైలు మీద వేదిక కట్టి, దాని మీద ఇసుక బస్తాలు కొండలా పేర్చి, మధ్యలో జాకీ పెట్టి పైలును కిందకు నొక్కుతారు. ఎంత దిగిందో గేజీలు చెబుతాయి. మోయాల్సిన బరువులో సగం కూడా పడకముందే ఆ పైలు బురదలో కాలు దిగినట్టు దిగిపోయింది.

రామ్మూర్తి గారు ఎగిరి గంతేసినంత పని చేశారు. "చెప్పానా? ఇసుక! ఎగువకు పోదాం. అక్కడ రాయి ఉంది, వంతెన అక్కడ కడదాం." ఎగువకు అంటే హైవే దగ్గరకు. అక్కడి నుంచి ఈ ఊరికి ఉప్పునేలలు దాటుకుంటూ చుట్టూ తిరిగి రావాలి, ఆ దారీ వానాకాలంలో మునిగిపోతుంది. కాగితం మీద వంతెన ఉంటుంది, ఊరికి మాత్రం ఉండదు.

తుది నివేదిక రాసే ముందు పైలు ఎందుకు పోయిందో చూసి రమ్మని నన్ను పంపారు. నన్ను పంపింది నిజం కనుక్కోవడానికి కాదు, కింద సంతకం పెట్టడానికి. ఆ సంగతి నాకూ తెలుసు.

పడవ దిగేసరికి ఒడ్డున ఒకావిడ చేపల బుట్ట మీద చెయ్యేసుకుని కూర్చుని ఉంది. యాభై దాటిన మనిషి, ముక్కుకు రెండు పక్కలా నత్తులు, గొంతు మాత్రం అవతలి ఒడ్డుకు వినపడేంత. పేరు పోలమ్మ. ఊళ్ళో ఆడవాళ్ళ చేపల బేరమంతా ఆవిడ మాట మీద నడుస్తుంది.

"నువ్వేనా ఇంజినీరమ్మా? వంతెన ఎత్తీడానికి వచ్చినావేటి?"

"ఇంకా ఎత్తెయ్యలేదు. చూడ్డానికి వచ్చాను."

"సూసీసి ఏటి సేత్తావు? మీరు సూసినప్పుడల్లా ఏదో ఒకటి పోతాది."

నాకు ఒళ్ళు మండింది. ఎండలో పడవెక్కి వచ్చి మాట పడటం ఎవరికిష్టం? "మీ గెడ్డ ఒడ్డున పోయింది నేను పెట్టిన పైలు కాదు" అన్నాను. ఆవిడ నన్ను కిందకూ మీదకూ చూసి నవ్వింది. "ఓలమ్మో, మనకి తగ్గదే ఈవిడ" అని పక్కనున్న వాళ్ళతో అంది. ఆ నవ్వుతో మా ఇద్దరికీ పరిచయమైంది.

ఆగిన బోరు

మట్టి పరీక్షల ఫలితాలు నేను ముందే చూశాను. మంచి గట్టి ఇసుక. అంత ఇసుకలో అంత పైలు అలా దిగకూడదు. అంటే ఇసుకలో లోపం లేదు, పైలుకూ ఇసుకకూ మధ్యలో ఏదో జరిగింది.

కాంట్రాక్టరు తరఫున సైటు చూస్తున్న కిరణ్ అనే కుర్ర ఇంజినీరును కూర్చోబెట్టి అడిగాను. బోరు ఎప్పుడు తవ్వారు, కాంక్రీటు ఎప్పుడు పోశారు? అతను నీళ్ళు నమిలాడు. చివరికి చెప్పాడు.

బోరు తవ్వడం ఒక సాయంత్రానికి పూర్తయింది. మర్నాడు ఉదయం ఒక పెద్దమనిషి వచ్చి కొబ్బరికాయ కొట్టి కాంక్రీటు పోయడం ప్రారంభించాలి. ఆయన రాలేదు, ఆ మర్నాడు వస్తానన్నాడు. ఈలోగా అమావాస్య వచ్చింది. అమావాస్య పూట శుభం మొదలుపెట్టకూడదని ఊరివాళ్ళన్నారు. పైగా గంగమ్మ తల్లి ఘటం ఊరేగింపుగా వచ్చి, ఆ ఘటంలోని పసుపు నీళ్ళు మొదట బోరులో పోసి, ఆ తర్వాతే కాంక్రీటు పోయాలని ఊరంతా మొక్కుకున్నారట. దానికి సముద్రం మీద ఉన్న మగవాళ్ళంతా తిరిగి రావాలి. అందరూ వచ్చాక, మంచి ఘడియ చూసి, ఇసుక వేస్తే రాలనంత జనం మధ్య కాంక్రీటు పోశారు. అప్పటిదాకా బోరు నోరు తెరుచుకునే ఉంది.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. ఇసుకలో బోరు తవ్వితే గోడలు కూలిపోతాయి. కూలకుండా బెంటొనైట్ అనే సన్నటి బంకమట్టిని నీళ్ళలో కలిపి బోరు నిండా నింపుతాం. ఆ నీళ్ళు మెల్లగా ఇసుకలోకి ఇంకుతాయి, బంక గోడ మీద పొరలా నిలుస్తుంది. వెంటనే కాంక్రీటు పోస్తే అడుగు నుంచి పైకి లేచే కాంక్రీటు ఆ పల్చటి పొరను చాలావరకు గీసేస్తుంది, పట్టు దొరుకుతుంది. ఆపితే? పొర మీద పొర పేరుకుంటుంది. ఆపక తప్పకపోతే కాంక్రీటుకు ముందు బోరు గోడను మళ్ళీ గీకి, పాత నీళ్ళు మార్చాలి. ఇక్కడ అదీ చేయలేదు.

"నీకు తెలియదా ఇది?" అన్నాను కిరణ్‌తో.

"తెలుసు మేడం."

"మరి?"

"అందరూ పెద్దవాళ్ళే మేడం. దేవుడి పని అంటున్నారు. ఎవరికని చెప్పను?"

నేను అతన్ని తిట్టాను, దాచను. ఆ తర్వాత జాలేసింది. పుస్తకంలో చదివినది నలుగురి ముందు నోరు విప్పి చెప్పడం ఏ కాలేజీలోనూ నేర్పరు. మన ఉద్యోగంలో సగం అదే.

వరల్లోకి

కారణం తెలిసింది. రామ్మూర్తి గారు నమ్మాలి కదా. ఫోన్లో చెబితే "కథలు చెప్పకు" అన్నారు. చూపించాలి. కాబట్టి పైలు చుట్టూ తవ్వి దాని ఒంటిని బయటపెట్టాలనుకున్నాను. ఇసుకలో, అదీ గెడ్డ పక్కన, అడుగు తవ్వితే నీళ్ళు. మా వైపు బావులు తవ్వేవాళ్ళు చేసినట్టే చేశాం. పైలు మధ్యలో ఉండేలా పెద్ద సిమెంటు వరలు పెట్టి, లోపల ఇసుక తీస్తూ, పంపుతో నీళ్ళు తోడుతూ, వరలను దింపుకుంటూ పోయాం. పైన కొంత మేర బోరుకు ఇనుప గొట్టం తొడిగి పని చేస్తారు, బోరు గోడ తగిలిన చోటు చూడాలంటే దాని కిందిదాకా వెళ్ళాలి.

రామ్మూర్తి గారిని రమ్మని బతిమాలాను. విసుక్కుంటూనే వచ్చారు. నేను నిచ్చెన పట్టుకుని వరల్లోకి దిగి పైకి చూశాను. ఆయన ప్యాంటు మడిచి, బూట్లు విప్పి, ఆయాసపడుతూ నా వెనకే దిగారు. అక్కడ ఆయన మీద నాకు గౌరవం పెరిగింది. ఆ హోదాలో అంత లోతుకు దిగే మనిషిని నేను ఇంకొకర్ని చూడలేదు.

పైలు ఒంటి మీద వేలి మందాన బూడిదరంగు పొర. గోటితో గీస్తే పెరుగు మీది మీగడలా వచ్చేసింది. ఆయన వేళ్ళ మధ్య పెట్టి రుద్ది చూశారు. సబ్బులా జారింది. దాని వెనక ఇసుక గట్టిగా, శుభ్రంగా ఉంది. పైలును ముట్టుకోనే లేదు.

ఆయన పైకి వచ్చి చేతులు కడుక్కుని, "ఇంకో పైలు వేసి చూపించు" అన్నారు. "ఒక్కటి. అదీ దిగితే నాకు ఇక చెప్పకు. ఎగువకే."

మా మాటలన్నీ వింటూ ఒడ్డున కూర్చున్న పోలమ్మ లేచి నా దగ్గరకు వచ్చింది. ముఖం చిన్నబోయి ఉంది.

"అమ్మగోరూ, బోరు ఆపడం వల్లేనా పోయినాది?"

"అవును."

"ఘటం కోసం ఆపమన్నది నానే. ఆ పెద్దమనిషి రాకపోయినా పనోళ్ళు మొదలెడతామన్నారు. నానే అడ్డంగా నిలబడిపోనాను. మావోళ్ళ దారి నానే మూసీసినాను."

"నువ్వు మొక్కు మొక్కావు. ఆగితే ఏమవుతుందో చెప్పాల్సినవాళ్ళు మేము. ఇంతమంది ఇంజినీర్లం ఉండి ఒక్కరూ చెప్పలేదు. తప్పు నీది కాదు" అన్నాను. నమ్మలేదు. కొంగుతో కళ్ళొత్తుకుని వెళ్ళిపోయింది.

ఊరి పేరు ఎందుకు రాయనన్నానో ఇప్పుడు తెలిసిందా? రేపెవడైనా చదివి "వీళ్ళ పూజ వల్ల వంతెన పోబోయింది" అంటాడు. అలా అనే హక్కు ఎవరికీ లేదు.

చెంబూ బియ్యం

అసలు చిక్కు ఆ తర్వాత వచ్చింది. మొదటి పైలు దిగిపోయిందంటే అమ్మవారికి కోపం వచ్చిందని ఊళ్ళో కొందరు తేల్చేశారు. గంగమ్మ పూజారి ఎర్రయ్య ముసలాయన, ఆయన మాట కాదనేవాళ్ళు లేరు. ఈసారి ఇంకా పెద్ద పూజ చేయాలన్నాడు. బోరు తవ్వాక ఘటం మూడు సార్లు తిప్పి, మేకను వేట వేసి, ఆ మీదట కాంక్రీటు. అంటే మళ్ళీ ఆగడమే.

ఊరంతటినీ రామ్మూర్తి గారి ముందే కూర్చోబెట్టాను. పోలమ్మ ఇంటి నుంచి మెడ సన్నగా ఉన్న ఒక ఇత్తడి చెంబు, దానికి సరిపడా బియ్యం, కవ్వం తెమ్మన్నాను. మా నాన్న నూర్పిళ్ళప్పుడు మమ్మల్ని నవ్వించడానికి చేసే పని అది.

చెంబులో బియ్యం పోసి, కవ్వం తిరగేసి కాడను అందులో గుచ్చాను. తీసి మళ్ళీ గుచ్చాను. చెంబును నేలకు తాటిస్తూ గుచ్చుతూ పోయాను. బియ్యం బిగుసుకుంది. ఇక కవ్వం పట్టుకుని పైకి ఎత్తాను. చెంబు, బియ్యం, అన్నీ కలిసి గాల్లోకి లేచాయి.

"ఓరి దీని దుంపతెగ!" అన్నాడెవరో.

"కింద ఏం లేదు, చూడండి. రాయి లేదు, మేకు లేదు. బియ్యం పట్టుకుంది, అంతే. మీ ఒడ్డున ఇసుక పట్టు ఇదే."

తర్వాత సైటులోంచి తెచ్చిన బెంటొనైట్ బంకను కవ్వం కాడకు దట్టంగా పూశాను. చెంబు ఖాళీ చేసి, కాడను మధ్యలో నిలబెట్టి, చుట్టూ బియ్యం పోసి, అంతే గట్టిగా కూరాను. ఎత్తమని ఎర్రయ్యకు ఇచ్చాను. ఆయన ఎత్తాడు. కాడ సర్రున జారి చేతిలోకి వచ్చింది, చెంబు నేల మీదే ఉండిపోయింది.

"బోరు ఆగినంతసేపూ లోపల ఈ పూత పెరుగుతుంటుంది. అమ్మవారికి కోపం లేదు తాతా. ఇసుక పట్టుకుందామని చూసింది, మనమే మధ్యలో బంక పూశాం."

ఎర్రయ్య కాడనూ చెంబునూ మార్చి మార్చి చూశాడు. "అలగని పూజ మానీమంటావేటి? తల్లికి సెప్పకండా గెడ్డలో సెయ్యి పెడితే ఊరుకుంటాదా?"

పూజ వద్దనడానికి నేనెవర్ని? నేనూ ప్రతి సైటులో టెంకాయ కొట్టిన దాన్నే. రామ్మూర్తి గారు నోరు తెరవబోతే కళ్ళతోనే ఆపాను.

అప్పుడు పోలమ్మ లేచింది. అప్పటిదాకా వెనక కూర్చుని ఉంది.

"ఎర్రయ్య బావా, కొత్త నావ దింపినప్పుడు పూజ ఎక్కడ సేత్తాం?"

"ఒడ్డున సేత్తాం. మరెక్కడ?"

"నావ నీల్లు తాకినాక ఆపి పూజ సేత్తామేటి?"

"సెడ్డ మాటలాడకు! నావ నీల్లు తాకినాక ఆపకూడదు. ఆపితే కీడు."

"మరి ఇదీ అలగే అనుకో. ఒడ్డున ఉండగానే ఘటం తెద్దాం, వేట ఏద్దాం, పసుపు నీల్లు ఆ నేల మీద పోద్దాం. తవ్వే మిసను నేల్లో దిగిందంటే నావ నీల్లు తాకినట్టే. ఆ మీన ఎవులొచ్చినా ఆపకూడదు. ఆ పెద్దమనిషి కాదు, ఆయన అబ్బొచ్చినా సరే!"

జనం గొల్లుమన్నారు. ఎర్రయ్య నవ్వలేదు, గడ్డం నిమురుకుంటూ ఆలోచించాడు. "అలగైతే ఘడియ బోరు మొదలుకి పెట్టాల" అన్నాడు చివరికి. "పెడతాను."

పిల్లలూ, మీకు చెప్పదలచుకున్న మాట ఇది. ఊరివాళ్ళ ఆచారం మన పనికి అడ్డమని ముందే అనుకోకండి. పనిలో ఎక్కడ ఆగకూడదో, ఎందుకు ఆగకూడదో కళ్ళకు కట్టినట్టు చెప్పండి. ఆగదగ్గ చోటు వాళ్ళే వెతుకుతారు.

నీళ్ళు తాకిన నావ

రెండో పైలు నాడు తెల్లవారుతూనే ఘటం వచ్చింది. డప్పులు, వేపమండలు, పసుపు. అంతా నేల మీదే జరిగింది. ఎర్రయ్య చెయ్యి ఊపాక బోరు తవ్వే రిగ్గు కదిలింది. ఆ తర్వాత ఊరు ఊరంతా ఒడ్డున నిలబడి మా మీద కాపలా కాసింది. కిరణ్ నిమిషం ఆగి టీ తాగబోతే ఒక ముసలమ్మ "ఓరి బాబూ, నావ నీల్లలో ఉన్నాది" అని అరిచింది. ఆ కుర్రాడు గ్లాసు కింద పెట్టేశాడు.

బోరు పూర్తయింది. అడుగు శుభ్రం చేశాం. చువ్వల బుట్ట దించాం. ఇక కాంక్రీటు. అప్పుడు వచ్చింది కబురు. కాంక్రీటు తెస్తున్న లారీ రోడ్డు వైపు ఒడ్డున ఇసుక బాటలో కూరుకుపోయింది. దాని వెనక రెండోది నిలిచిపోయింది. డ్రైవరు సాలూరు మనిషి, ఎన్ని ఘాట్లు ఎక్కి దిగినవాడో. "కొండలైతే ఎక్కిస్తాను గానీ ఈ ఇసుకలో నావల్ల కాదు" అని స్టీరింగు మీద తల పెట్టేశాడట.

బోరు నిండా బెంటొనైట్. లోపల పొర పెరుగుతోంది. రామ్మూర్తి గారు గడియారం చూసుకున్నారు.

పోలమ్మ నన్ను అడగలేదు, ఎవర్నీ అడగలేదు. ఒడ్డున ఉన్న ఆడవాళ్ళ వైపు తిరిగి కేకేసింది. "ఒసే, పాత వలలన్నీ తెండే! తాటాకులు తెండి! బేగా!" ఊళ్ళో ప్రతి ఇంటి వెనకా చిరిగిన వలలు కుప్పలుగా ఉంటాయి. ఎండుచేపల పందిళ్ళ మీది తాటాకులు పీకేశారు. పడవల్లో వేసుకుని గెడ్డ దాటించారు. చక్రాల ముందు తాటాకులు పరిచి, వాటి మీద వలలు మడతలు మడతలుగా వేశారు. మగవాళ్ళు వెనక నుంచి తోశారు. లారీ ఒకసారి గర్జించి, వలలను పట్టుకుని, ముందుకు కదిలింది. చక్రం దాటిన వలను వెనక నుంచి లాగి మళ్ళీ ముందు పరుస్తూ దాన్ని గెడ్డ ఒడ్డు దాకా నడిపించారు. అక్కడి నుంచి కాంక్రీటు పంపుతో, గొట్టాల్లో మా వైపుకు వచ్చింది.

చక్రం తిరగడానికైనా పట్టే కావాలి. కిరణ్ నా వైపు చూసి అదే అన్నాడు. నాకు నవ్వొచ్చింది, కళ్ళలో నీళ్ళూ వచ్చాయి.

కాంక్రీటు అడుగు నుంచి లేస్తూ, బూడిదరంగు నీళ్ళను ముందు తోసుకుంటూ పైకి వచ్చింది. బోరు నోటి దగ్గర గరుకు కాంక్రీటు కనపడగానే ఎర్రయ్య రెండు చేతులూ ఎత్తి దండం పెట్టాడు.

గట్టిపడేదాకా ఆగాం. ఇక్కడ మాత్రం ఆగాలి, ఎంత ఆత్రమున్నా. లోడ్ టెస్టుకు మళ్ళీ ఆ గెడ్డ ఇసుకే బస్తాల్లో నింపి పేర్చాం. మీద ఇసుక, కింద ఇసుక, మధ్యలో మా పైలు. జాకీ నొక్కుతుంటే రామ్మూర్తి గారు గేజీ ముందు గొంతుక్కూర్చుని కళ్ళద్దాలు సర్దుకుంటున్నారు. మొదటి పైలు దిగిపోయిన బరువు దాటింది. సూది కాస్త కదిలి నిలబడింది. ఇంకా నొక్కాం. మోయాల్సిన బరువూ దాటింది, పరీక్ష కోసం ఇంకా అదనంగా వేసినదీ దాటింది. సూది అక్కడే ఉంది.

ఆయన లేచి మోకాళ్ళు దులుపుకున్నారు. "ఎగువకు అన్న ఫైలు చింపేయండి" అన్నారు. నా వైపు తిరిగి, "నీ పట్టుదల కాదమ్మా, ఇసుక పట్టే" అన్నారు. ఆయన నోట అంతకన్నా పెద్ద పొగడ్త నేను వినలేదు.

పోలమ్మకు గేజీ అర్థం కాదు. నా ముఖం చూసింది. నేను తలూపాను. అంతే, ఆవిడ బుట్ట కింద పడేసి ఇసుకలో కూలబడి ఏడ్చింది. మొదటిసారి ఏడ్చిన ఏడుపు కాదది. పక్కన కూర్చుని వీపు నిమిరాను. "నానే ఆపీసినాను, నానే నడిపించీసినాను" అని అదే మాట మళ్ళీ మళ్ళీ అంది.

మొన్న

ఆ వంతెన మీద ఇప్పుడు ఆటోలు, బస్సు తిరుగుతున్నాయి. దిగిపోయిన మొదటి పైలు ఇంకా ఒడ్డునే ఉంది. తల మాత్రం పైకి కనిపిస్తుంది. పగలగొట్టిస్తామంటే ఊరివాళ్ళు వద్దన్నారట. దానికి పడవలు కట్టుకుంటున్నారు. వంతెన బరువు మోయలేకపోయినా ఒక పడవను ఆపడానికి సరిపోతుంది పాపం.

కొత్త ఇంజినీర్లను నలుగుర్ని మొన్న అక్కడికి తీసుకెళ్ళాను. కిరణ్ కూడా వచ్చాడు, ఇప్పుడు అతని కింద పెద్ద పనులే నడుస్తున్నాయి. బోరు దగ్గర ఎవరైనా "కాసేపు ఆగండి" అంటే అది ఎంత పెద్ద మనిషైనా ముఖం మీదే వద్దని చెబుతున్నాడట. నాకు సంతోషమేసింది.

వంతెన మీద నడుస్తుంటే ఎదురుగా పోలమ్మ. జుట్టు నెరిసింది, నత్తులు అలాగే ఉన్నాయి. నెత్తిన బుట్ట, నడకలో వేగం తగ్గలేదు. వెనక ఇంకో ఐదారుగురు ఆడవాళ్ళు.

"ఇంజినీరమ్మా! బాగున్నావేటి? సిక్కిపోనావు."

"బాగున్నాను. ఒక్క క్షణం నిలబడు పోలమ్మా. ఈ పిల్లలు నీతో ఫొటో తీసుకుంటారు. సరిగ్గా మన రెండో పైలు వైపు తిరిగి నిలబడు."

ఆవిడ నిలబడలేదు. బుట్ట ఒక చేత్తో సర్దుకుంటూ, నన్ను దాటి ముందుకు పోతూనే అంది.

"నిలబడీదేటమ్మా! సేపలున్నాయి, సంత ఉన్నాది. నావ నీల్లు తాకినాక ఆపకూడదు గదా. కావాలంటే నువ్వే నడుసుకుంటూ రా, దార్లో తీసుకో!"

పిల్లలు నా వైపు చూశారు. ఏం చేస్తాం? అందరం ఆవిడ వెనకాల నడిచాం.